కణాలు తిన్న తిండి

“నన్ను కాపాడమని మిమ్మల్ని ఎవరు అడిగారు?” అన్నాడు తమ్ముడు, ఊచల అవతలి నుంచి.

నా తమ్ముడు కాదు. నాకు ఈ కేసు అప్పజెప్పిన దర్జీ అక్కకి తమ్ముడు. నాలుగు రోజులుగా ఆవిడ నోట ఆ మాటే వినీ వినీ నాకూ వాడు తమ్ముడే అయి కూర్చున్నాడు.

“మీ అక్క అడిగింది,” అన్నాను.

“అక్కకి నేను చెప్పుకుంటాను. మీరు వెళ్ళండి.”

“వెళ్తాను. పోలీసు కస్టడీ ఇవాళ్టితో సరి. సాయంత్రం నిన్ను కోర్టుకి తీసుకెళ్తారు, అట్నుంచి అటే జైలుకి. అక్కడ ఏ కిటికీలోంచి చెప్పుకుంటావో అది కూడా చెప్పు. ఆవిడకి దారి చూపించాలి కదా.”

వాడు తల గోడవైపు తిప్పుకున్నాడు. నాకు మెత్తగా మాట్లాడటం రాదు. వచ్చిన రెండు మంచిమాటలూ పొద్దున్నే వాళ్ళక్క మీద ఖర్చు పెట్టేశాను.

మనిషి మూలకణాలు పెంచి, వాటిని కంటిపొర కణాలుగా మార్చి, చూపు తగ్గిపోతున్నవాళ్ళ కళ్ళలో పెట్టడానికి పంపే ల్యాబులో వీడు టెక్నీషియన్. ఆ ల్యాబు పేరంతా ఒకే మాట మీద నిలబడి ఉంది. మా కణాలకి జంతువు నుంచి తీసినదేదీ తగలదు. దూడ నెత్తురు లేదు, పంది ఎంజైము లేదు, ఎలుక జెల్లీ లేదు. ఆ మాట నిజమో కాదో బ్యాచి బ్యాచికీ పరీక్షించే ఆవిణ్ణి అక్కడ అందరూ సూదికళ్ళ మేడమ్ అనేవారు. ఐదు రోజుల క్రితం ఆవిడ నైట్రోజన్ గదిలో శవమై దొరికింది. గడ్డకట్టించిన కణాలని దాచే గది అది. నైట్రోజన్ బయటికొచ్చి గాలిని తరిమేస్తే మనిషి అరవకుండానే కూలిపోతాడు. అరవాల్సింది గోడ మీది అలారం. దాని ప్లగ్గు ఎవరో పీకేశారు.

ఇన్‌స్పెక్టర్ లెక్క చాలా తేలిక. ఆ గది తలుపు తీసింది తమ్ముడి కార్డు. తమ్ముడి లాకర్లో దూడ నెత్తురు నుంచి తీసే సీరం సీసా దొరికింది. వీడు కణాల్లో కల్తీ చేశాడు, ఆవిడ పట్టుకుంది, ఆవిణ్ణి చంపేశాడు. “కాదు” అని వీడు ఒక్కసారి కూడా అనలేదు. అదే నాకు మింగుడు పడటం లేదు. తప్పు చేసినవాడు కూడా మొదటిరోజు కాదంటాడు.

“సరే, కేసు గురించి మాట్లాడొద్దు. పని గురించి చెప్పు. కణాలు ఉత్త ప్లాస్టిక్ ప్లేటు మీద నిలవవంట కదా. పూత ఎలా వేస్తావు?”

పని అనేసరికి మెడ తిరిగింది. అడక్కుండా ఉండాల్సింది అన్నట్టు చూశాడు గానీ చెప్పాడు.

“పాతకాలంలో ఎలుక కణితి నుంచి తీసిన జెల్లీ పూసేవాళ్ళు. మేం వాడం. మాది జంతువు లేకుండా తయారుచేసిన ప్రొటీను. సీసాలోంచి తీసి, పలచన చేసి, ప్లేట్లో పోసి, బల్ల మీద ఓ గంట వదిలేస్తాం. అంతే.”

“ఐసు మీద పెట్టరా?” అన్నాను. అది అడగమని నిన్న మా వదిన చెప్పింది, ఎందుకో చెప్పలేదు.

“ఐసెందుకు? ఎండాకాలం నిమ్మరసమా అది?”

“నువ్వు ఎలుక జెల్లీతో ఎప్పుడూ పనిచెయ్యలేదా?”

“కంటితో కూడా చూళ్ళేదు.” అని గొంతు తగ్గించాడు. “మేడమ్, అక్క ఆపరేషన్ తేదీ మారలేదు కదా?”

హత్యకేసులో ఇరుక్కున్నవాడు వకీలు గురించి అడుగుతాడు, బెయిలు గురించి అడుగుతాడు. వీడు నాలుగు రోజుల్లో నన్ను అడిగిన ఒకే ఒక ప్రశ్న ఇది.

“వచ్చే వారమే. ఎందుకు?”

“ఏం లేదు. ఇక వెళ్ళండి.”

దర్జీ అక్క స్టేషన్ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఆవిడ రెండు కళ్ళూ లోపలిపొర పాడైపోయి మసకబారుతూ వచ్చాయి. ఆర్నెల్ల క్రితం ఎడమకంట్లో ఈ ల్యాబు కణాలే పెట్టారు. అవి సూదికళ్ళ మేడమ్ చూసి సరేనన్న బ్యాచి. ఇప్పుడు ఆ కంటితో సూదిలో దారం ఎక్కిస్తోంది, బట్ట మీద సుద్దగీత చూస్తోంది. కుడికన్ను మాత్రం రోజురోజుకీ చీకటైపోతోంది. దానికే వచ్చే వారం ఆపరేషన్.

“ఏమన్నాడమ్మా?” అంది, నా అడుగుల చప్పుడు వచ్చిన వైపు ఎడమకన్ను తిప్పి.

“నీ ఆపరేషన్ గురించి అడిగాడు.”

“పిచ్చి సన్నాసి,” అంది. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “వాడు జైలుకి పోతే నాకీ కళ్ళెందుకమ్మా? వాణ్ణి చూట్టానికే కదా.”

 ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది. సాయంత్రంలోగా వాణ్ణి బయటికి తీసుకురావాలి, లేకపోతే నేను ఈ వృత్తి మానేసి ఆవిడ దగ్గర గుండీలు కుట్టుకోవడం మేలు అనిపించింది.

మెట్లు దిగుతుండగా వదిన ఫోన్ చేసింది. మా అన్నయ్యని పెళ్ళి చేసుకున్న పాపానికి నా కేసులన్నిటికీ ఆవిడే సైన్సు చెప్పాలి. ఆవిడకీ కణాలతోనే పని, వేరే ల్యాబులో. నిన్న తమ్ముడు పనిచేసే ల్యాబు వెనక, కాల్చడానికి కట్టిపెట్టిన ఎర్రసంచిలోంచి నేనొక ప్లేటు కొట్టేసి ఆవిడకి ఇచ్చాను.

“నువ్వు ఇచ్చిన ప్లేటు ఆకుపచ్చగా వెలిగిపోతోంది,” అంది వదిన.

“అంటే మంచిదా, చెడ్డదా?”

“నీకు బీయస్సీ ఎవరిచ్చారే? విను. ఒక రకం చక్కెర ఉంది. ఎలుక, ఆవు, పంది, వీటి కణాల ఒంటి మీద ఉంటుంది. మనిషి కణానికి దాన్ని తయారుచేసుకోవడం రాదు. కానీ జంతువు తిండి పెట్టావనుకో, అందులోది ఎత్తుకుని తన ఒంటి మీద పెట్టుకుంటుంది. ఎరువు నగలు పెట్టుకుని పేరంటానికి వెళ్ళినట్టు. ఆ నగ ఎక్కడుంటే అక్కడ ఆకుపచ్చగా వెలిగే మందు వేశాను. ప్లేటంతా వెలిగింది.”

“ఆ కణాలు కంట్లో పెడితే?”

వదిన గొంతులో వెటకారం పోయింది. “మన రక్తానికి ఆ నగ పరాయిదని తెలుసు. మీద పడుతుంది. కన్ను వాచిపోవచ్చు, మిగిలిన చూపూ పోవచ్చు. ఎవరికైనా పెడుతున్నారా?”

“పెట్టబోతున్నారు.”

“అయితే పరిగెత్తు. ఇంకోటి. ప్లేటు అడుగున పూత చూశాను, ఎలుక జెల్లీయే అని నా అనుమానం. దానికో పాడు గుణం ఉంది. మైనం చల్లారితే గట్టిపడుతుంది, ఇది వేడెక్కితే గట్టిపడుతుంది. గది వేడి చాలు. అందుకే దాంతో పనిచేసేవాళ్ళు ట్యూబు ఐసులో పెడతారు, ద్రవం పీల్చే పిపెట్‌కి తొడిగే టిప్పులు కూడా ఫ్రీజర్లో పెట్టుకుంటారు. లేకపోతే టిప్పులోనే పేరుకుపోతుంది. అక్కడ ఫ్రీజర్లో టిప్పుల డబ్బా కనపడితే ఇంక నన్నేమీ అడక్కు.”

ల్యాబులో కణాలు పెంచే గదికి వెళ్ళాలంటే ముందు చిన్నగది ఒకటి దాటాలి. అక్కడ చెప్పులు వదిలి, గౌను వేసుకుని, టోపీ, మాస్కు, గ్లవ్స్ తగిలించుకోవాలి. మెడలో వేలాడేదేదీ లోపలికి పోకూడదు. కాబట్టి గోడ పక్క బల్ల మీద ఒక స్టీలు పళ్ళెం, ఆ పళ్ళెంలో లోపల ఉన్నవాళ్ళందరి కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక్కో మొహం, అన్నీ పైకి చూస్తూ. నేను చెయ్యి పెట్టి ఒకటి తీశాను. నన్నెవరూ అడగలేదు. మళ్ళీ పెట్టేసి, గేటు దగ్గర నాకిచ్చిన కార్డు కూడా అందులో పడేశాను.

నాలుగు రోజులుగా ఈ గదిలోంచి తిరుగుతున్న ఇన్‌స్పెక్టర్‌కి ఈ పళ్ళెం కనపడలేదంటే నాకు ఒళ్ళు మండింది.

లోపల ఇద్దరున్నారు. ఇన్‌స్పెక్టర్ గౌనులో ఇమడక బొత్తాల మధ్య ఉబ్బిపోయి ఉన్నాడు. అతను మూసేసిన కేసొకటి రెండేళ్ళ క్రితం నేను తెరిపించాను. అప్పట్నుంచీ మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. రెండోవాడు ల్యాబు డైరెక్టర్. సన్నటి మనిషి, సన్నటి గొంతు. పేషెంట్ల కోసం ప్రాణం పెట్టేవాడని పేరు.

“వచ్చారా డిటెక్టివమ్మగారు! ఎవరు రానిచ్చారు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“కోర్టు కాగితం. మీకు చదివి వినిపించనా?”

“ఫరవాలేదు, చూసుకోనివ్వండి,” అన్నాడు డైరెక్టర్, గాలి పైనుంచి కిందికి వీచే గాజు బీరువా ముందు కూర్చుంటూ. “నేను మాత్రం పని ఆపలేను. ప్లేట్లు చేసే కుర్రాడు జైల్లో ఉన్నాడు కదా. కణాలు మన కోసం ఆగవు.”

“చెప్పండి సార్, ఆవిడకి కూడా చెప్పండి, మీరు ఎంత శుభ్రంగా చేస్తారో,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, తన సొంత వంటిల్లు చూపిస్తున్నట్టు.

డైరెక్టర్ చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు చెప్పాడో గానీ నోరు దానంతటది పోతోంది. “మా దగ్గర జంతువు అన్నమాటే లేదండి. కణం తినేది, కూర్చునేది, లేపేటప్పుడు వాడేది, ఏదీ జంతువుది కాదు.” నోరు అలా పోతుండగా కుడిచెయ్యి తన దారిన తను పోయింది. పక్కనున్న ఫ్రీజర్ తలుపు తీసి, పై అరలోంచి టిప్పుల డబ్బా తీసి ముందు పెట్టుకుంది. డబ్బా మూత మీద మంచు బూడిదలా పేరుకుని ఉంది. ఎడమచేతి పక్కన ఐసు బకెట్, అందులో చిటికెనవేలంత ట్యూబు.

గదిలో మామూలు టిప్పుల డబ్బాలు బల్ల మీద అరడజను ఉన్నాయి. వాటివైపు అతను చూడనైనా చూడలేదు. అలవాటు అంటే అదే. అబద్ధం నోటికి నేర్పించాడు గానీ చేతికి నేర్పించడం మర్చిపోయాడు.

“ఇదేనా ఆ ప్రొటీను?” అంటూ వంగి ఐసులోంచి ట్యూబు తీశాను. మీద అంటించిన చీటీ మీద జంతువు లేని ప్రొటీను పేరే ఉంది. వంచి చూశాను. లోపలిది నీళ్ళలా జారింది. ట్యూబుని పిడికిట్లో పెట్టుకున్నాను.

“ఐసులో పెట్టండి,” అన్నాడు డైరెక్టర్ వెంటనే.

“పెడతాను.” పెట్టలేదు. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. ఇప్పుడు నాకు కావలసింది కాస్త సమయం, పిడికిట్లో కాస్త వేడి. ఇన్‌స్పెక్టర్‌తో పోట్లాడితే రెండూ పుష్కలంగా దొరుకుతాయి.

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ కుర్రాడి లాకర్లో దొరికిన సీసా మూత చూశారా?”

“చూశాను. దూడ సీరం అని అచ్చుగుద్ది ఉంది. చదువు నాకూ వచ్చు.”

“చదివింది చాలు. మూత సంగతి చెప్పండి. మూత చుట్టూ సీలు చిరగలేదు. మీ పంచనామాలో మీరే రాశారు, నిండు సీసా అని. సీసా తెరవకుండా కల్తీ ఎలా చేశాడు? దాన్ని దూరంనుంచి చూపించి కణాలని భయపెట్టాడా?”

“ఇంకో సీసా ఉండి ఉంటుంది!”

“ఉండి ఉంటుందా? వెతికారా?”

“నాకు పని నేర్పొద్దు!”

“నేర్పితే వచ్చేదైతే ఎప్పుడో నేర్పేదాన్ని. సీరం అన్నది గడ్డకట్టించి దాచుకునే సరుకు. వాడేవాడు ఎవడూ దాన్ని ఉక్కపోసే లాకర్లో, చెమట చొక్కాల మధ్య పెట్టడు. అది పోలీసుల కోసం పెట్టిన సీసా. చూడగానే మీకు అర్థం కావాలని దూడ పేరున్నది ఏరి మరీ పెట్టారు.”

“మేడమ్, ఆ ట్యూబు,” అన్నాడు డైరెక్టర్.

“ఒక్క నిమిషం సార్. పెద్దమనిషి మాట్లాడుతున్నాడు.”

ఇన్‌స్పెక్టర్ మాస్కు కిందికి లాగాడు. శుభ్రమైన గదిలో అది చెయ్యకూడదు. డైరెక్టర్ దాన్ని పట్టించుకోలేదు, నా పిడికిలినే చూస్తున్నాడు.

“కార్డు మాటేంటి? తలుపు వాడి కార్డుతోనే తెరుచుకుంది. దానికేం కథ అల్లావు?” మర్యాద మాస్కుతోబాటే దిగిపోయింది.

“మీ కార్డేది?”

“ఏంటి?”

“లోపలికి రావడానికి మీకూ ఒక కార్డిచ్చారు కదా. ఏది?”

అతను జేబు తడుముకోబోయాడు. గౌను మీద చెయ్యి ఆగిపోయింది.

“బయట పళ్ళెంలో ఉంది,” అన్నాను. “నాదీ అక్కడే, సార్‌దీ అక్కడే. ఈ గదిలోకి వచ్చిన ప్రతివాడూ తన కార్డు బయట పారేసి వస్తాడు. తమ్ముడు ఇక్కడ పని చేసుకుంటున్నంతసేపూ వాడి కార్డు అక్కడ పడి ఉంటుంది, ఎవడైనా తీసుకుని నైట్రోజన్ గది తెరిచి, మళ్ళీ తెచ్చి పెట్టొచ్చు. నాలుగు రోజులుగా ఆ పళ్ళెంలోనే కార్డు పెడుతూ తీస్తూ ఉన్నారు మీరు. దారిన పోయే పిల్లాడికి కూడా తట్టేది.”

“నోరు అదుపులో పెట్టుకో!”

“మీరు కళ్ళు అదుపులో పెట్టుకున్నారుగా, చాల్లెండి.”

“ముందు ఆ ట్యూబు ఇటివ్వండి!” డైరెక్టర్ లేచి నిలబడ్డాడు. సన్నటి గొంతు అప్పుడే మొదటిసారి పగిలింది. “అది చాలా సున్నితమైన పదార్థం!”

“తమ్ముడు అలా అనలేదే. గంటసేపు బల్ల మీద వదిలేస్తాం, ఐసెందుకు, నిమ్మరసమా అన్నాడు.”

 నేను పిడికిలి తెరిచి, ట్యూబు మూత తీసి, ఇన్‌స్పెక్టర్ కళ్ళముందు తలకిందులుగా పట్టుకున్నాను. ఒక్క చుక్క పడలేదు. లోపలిదంతా గట్టిపడి ట్యూబు అడుక్కి అతుక్కుపోయింది. వేలితో తట్టాను. వణికింది గానీ జారలేదు.

“ఇందాక వంచితే నీళ్ళలా జారింది, మీరూ చూశారు,” అన్నాను. “వేడికి పేరుకునేది ఎలుక జెల్లీ. మీద అంటించిన పేరు ప్రొటీనుది. ఆ ప్రొటీను రోజంతా గుప్పిట్లో పెట్టుకున్నా పేరుకోదు. టిప్పులు ఫ్రీజర్లో ఎందుకు పెట్టుకున్నారో ఇప్పుడు సార్‌ని అడగండి. దీన్ని ఎప్పుడూ ముట్టనివాడు మీ లాకప్‌లో ఉన్నాడు. రోజూ ముట్టేవాడు మీకు వంటిల్లు చూపిస్తున్నాడు.”

 ఇన్‌స్పెక్టర్ ట్యూబు తీసుకుని తనూ తలకిందులు చేసి చూశాడు. తర్వాత ఫ్రీజర్ తలుపు తీశాడు. పై అర వెనక అలాంటి ట్యూబులే ఇంకా పదో పన్నెండో ఉన్నాయి, పాత చీటీ సగం గీకేసి కొత్తది అంటించినవి.

డైరెక్టర్ కూర్చున్నాడు. గ్లవ్స్ నెమ్మదిగా విప్పుకున్నాడు.

“సరే. ఎలుక జెల్లీ వాడాను,” అన్నాడు. “ఉరి తీస్తారా? ఆ శుభ్రమైన ప్రొటీను మీద కణాలు ఒక బ్యాచి బతికితే మూడు బ్యాచులు చచ్చాయి. బయట క్యూలో మనుషులు గుడ్డివాళ్ళైపోతున్నారు. నేనేం చెయ్యాలి? వాళ్ళకి కణం తినే తిండి లెక్క కావాలా, కన్ను కావాలా?”

“ఆ లెక్క మీరు సూదికళ్ళ మేడమ్‌కి చెప్పారా?”

“ఆవిడకి అర్థం కాదు.”

“అర్థమైంది కాబట్టే బ్యాచి వదలనంది. మా వదినకి ఒక్క ప్లేటుతో తెలిసింది, ఆవిడకి తెలీకుండా ఉంటుందా? నిన్న మీ ఎర్రసంచిలోంచి ప్లేటు నేనే తీశాను. ఆకుపచ్చగా వెలిగింది.”

“అది దొంగతనం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, అలవాటు కొద్దీ. గొంతులో పస లేదు.

“రాసుకోండి. హత్య తర్వాత అది కూడా రాసుకోండి.”

“జెల్లీ వాడటానికీ హత్యకీ చాలా దూరం,” అన్నాడు డైరెక్టర్. “ఆ గది దగ్గర నన్ను చూసినవాళ్ళెవరు? పిలవండి.”

అంత ధీమాగా ఎలా అడగగలిగాడా అని ఒక్క క్షణం ఆలోచించాను. అప్పుడు తమ్ముడి ప్రశ్న గుర్తొచ్చింది. అక్క ఆపరేషన్ తేదీ మారలేదు కదా? చూసినవాడు ఉన్నాడు. వాడు నోరు విప్పడని ఈయనకి తెలుసు, ఎందుకంటే వాడి అక్క కన్ను ఈయన గుప్పిట్లో ఉంది. దొంగకి తాళం చెవి ఇచ్చి కూర్చున్నట్టు, వాడు మౌనాన్ని ఈయన చేతికే ఇచ్చి కూర్చున్నాడు.

“ఇన్‌స్పెక్టర్ గారూ, స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి. కుర్రాడితో మాట్లాడాలి.”

అతను నన్ను తినేసేలా చూశాడు. ఇంతకుముందైతే కాదనేవాడే. కానీ చేతిలో ఆ ట్యూబు ఉంది. ఫోన్ తీసి, కానిస్టేబుల్‌ని కేకేసి, తమ్ముణ్ణి పిలిపించి, స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాడు.

“నేను చెప్పేది విను,” అన్నాను. “మీ అక్క కుడికంటికి సిద్ధం చేసిన కణాలు ఎలుక జెల్లీ మీద పెరిగినవి. మీ డైరెక్టర్ గారు నా ముందే ఒప్పుకున్నారు. సూదికళ్ళ మేడమ్ ఆపింది ఆ బ్యాచినే. అవి కంట్లోకి వెళ్తే ఉన్న చూపూ పోవచ్చు. నువ్వు నోరు మూసుకుని కొనుక్కున్నది ఇదీ.”

ఊచ మీద అరచేత్తో కొట్టిన చప్పుడు వినపడింది. 

“అబద్ధం,” అన్నాడు.

“సార్‌ని చెప్పమను.”

డైరెక్టర్ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే వాడికి చేరింది.

“నా కార్డు ఆయన తీశాడు,” అన్నాడు తమ్ముడు. మాట మాటకీ గొంతు తెగుతోంది. “ఆ రోజు నేను తొందరగా బయటికొచ్చాను. పళ్ళెంలో నా కార్డు లేదు. నైట్రోజన్ గది తలుపు మూసి ఆయన వస్తున్నాడు, చేతిలో నా కార్డుంది. నా మొహం చూసి పళ్ళెంలో పడేసి, పొరపాటున తీశానయ్యా అన్నాడు. గంట తర్వాత సూదికళ్ళ మేడమ్ శవమై దొరికింది. ఆ సాయంత్రమే నన్ను పిలిచి, నువ్వు నోరు తెరిస్తే ల్యాబు మూతపడుతుంది, మూతపడితే మీ అక్కకి కణాలెవరిస్తారు అన్నాడు. నేను... నాకు అక్కని మించి ఎవరున్నారు మేడమ్?”

ఇన్‌స్పెక్టర్ నడుముకున్న సంకెళ్ళు తీశాడు. నావైపు చూడకుండానే తీశాడు. డైరెక్టర్ చేతులు తనే ముందుకు చాపాడు, గడియారం ఉన్న చెయ్యి పైన పెట్టి. అందులో టైము చూసుకుంటున్నాడని నాకు ఆలస్యంగా అర్థమైంది.

“మేడమ్,” అన్నాడు తమ్ముడు ఫోన్లో, “అయితే అక్కని ఆపండి. త్వరగా ఆపండి.”

“ఇంకా వారం ఉంది కదరా. బయట బెంచీ మీదే ఉంది ఆవిడ.”

“లేదు! మీరు వెళ్ళిన కాసేపటికే ఆస్పత్రి వ్యాను వచ్చింది. ఆపరేషన్ ఇవాళ్టికి జరిపారట. కిటికీ దగ్గరికొచ్చి చెప్పి వెళ్ళింది. నేనే, నేనే వెళ్ళిరా అక్కా అన్నాను!”

కణాల ఇంక్యుబేటర్ నా వెనకే ఉంది. తలుపు లాగాను. అక్క పేషెంటు నంబరు రాసిన అర ఖాళీగా ఉంది.

ఆస్పత్రి నంబరు నా ఫోన్లోనే ఉంది. రెండోసారికి ఎత్తారు. “ఆ పేషెంటు లోపల ఉన్నారండి. మత్తు ఇచ్చేశారు. డాక్టరు గారు చేతులు కడుక్కుంటున్నారు.”

“ఆపండి! ఆ కణాలు పెట్టకూడదు!”

“మీరెవరండీ?”

ఇన్‌స్పెక్టర్ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తన హోదా చెప్పాడు, స్టేషన్ పేరు చెప్పాడు, అరిచాడు. అవతల మనిషి మర్యాదగా విన్నాడు. “సార్, ఫోన్లో ఎవరైనా పోలీసునంటారు. కొత్త వైద్యం ట్రయల్‌లో ఉన్న పేషెంటుని డైరెక్టర్ గారు స్వయంగా చెప్తే తప్ప ఆపకూడదని మాకు ఆర్డరు. ఆయనతో చేయించండి, ఒక్క మాట చాలు.” అని ఫోన్ పెట్టేశాడు.

అక్కడికి జీపులో అరగంట. చేతులు కడుక్కోవడానికి ఐదు నిమిషాలు.

ఇన్‌స్పెక్టర్ నా ఫోన్‌ని డైరెక్టర్ మొహం ముందు పెట్టాడు. “చెప్పు.”

డైరెక్టర్ సంకెళ్ళు వేసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గొంతు మళ్ళీ సన్నబడింది. “చెప్తాను. నాకూ ఆవిడ కన్ను పోవాలని లేదు. కానీ నేను ఉరికంబం ఎక్కి ఆవిడకి చూపు ఇవ్వాలంటే ఎలా? మీ కేసు మీ దగ్గరే ఉంది కదా, ఆ కుర్రాడి మీద. దాన్ని అలాగే ఉండనివ్వండి. ఇప్పుడే రాసి సంతకం పెట్టండి. ఒక్క మాట చెప్పేస్తాను.”

“నీ పీక పిసికి చెప్పిస్తాను!” ఇన్‌స్పెక్టర్ అతని గౌను కాలరు పట్టుకుని లేపాడు.

“పిసకండి. ఐదు నిమిషాలు పట్టదూ?”

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఆగిపోయింది. అతను నావైపు చూశాడు. రెండేళ్ళలో మొదటిసారి ఆ చూపులో వెటకారం లేదు, ఏం చెయ్యాలో చెప్పమని అడగడం ఉంది.  సూదికళ్ళ మేడమ్ చావు ఒకవైపు, తమ్ముడి జీవితమంతా ఒకవైపు, మత్తులో పడుకున్న ఆవిడ కన్ను ఒకవైపు. 

బల్ల మీద ఇన్‌స్పెక్టర్ ఫోన్ ఇంకా తెరిచే ఉందని అందరం మర్చిపోయాం.

“సార్,” అంది అందులోంచి తమ్ముడి గొంతు, ఇప్పుడు ఏమాత్రం వణక్కుండా. “చంపింది నేనే. రాసుకోండి, ఇక్కడే సంతకం పెడతాను. ఆయన్ని ఫోన్ చెయ్యమనండి.”